అధికారం మీదేనండీ

మనీజే ఖానుమ్ కూతుర్ని సైకిలు తొక్కినందుకు పట్టుకుపోయారు. దొంగతనం కాదు, దోపిడీ కాదు, ఎవడితోనో లేచిపోవడమూ కాదు. సైకిలు. అదీ ఇరాన్‌లో, మా యజ్ద్‌లో. మగపిల్లాడికి నడక కుదిరీ కుదరకముందే సైకిలు చేతికిచ్చే ఊళ్ళో, ముల్లాలు కూడా అబా అంగీ అంచు నడుముకి దోపుకుని నమాజుకి సైకిలు మీద పోయే ఊళ్ళో, ఒక ఆడపిల్ల సీటెక్కి కూర్చునేసరికి ధర్మం కాస్తా కుప్పకూలిపోయింది.

గుల్‌నూష్ ఆడపిల్లల బళ్ళో వ్యాయామం టీచరు. ఆడవాళ్ళ పార్కులో, చుట్టూ ఎత్తు గోడల మధ్య తొక్కుకోమని అనుమతి ఉంది. కానీ గోడల మధ్య ఎంతసేపు తొక్కినా మళ్ళీ గోడ దగ్గరికే వస్తాం కదా అని ఆ పిల్ల వాదన. ఒక శుక్రవారం పొద్దున్నే, ఊరు ఇంకా ముసుగు తీయకముందు, శిష్యురాళ్ళని వెంటేసుకుని వీధిలోకి వచ్చింది. తలగుడ్డ తల మీదే ఉంది. కోటు మోకాళ్ళు దాటి ఉంది. రొట్టెలు కొనుక్కోవడానికి బయల్దేరిన ఎవడో పుణ్యాత్ముడు చూసి ఫోను కొట్టాడు. చిన్నపిల్లల్ని నాలుగు తిట్టి ఇళ్ళకు తోలేశారు. టీచర్నీ, టీచరు సైకిల్నీ వ్యానులో పడేసుకుని పోయారు.

మనీజే భర్త పోయి చాలాకాలమైంది. ఇంట్లోనే బాదంపప్పూ ఏలకులూ కూరిన కొత్తాబ్‌లు వేయించి, పంచదార పొడిలో దొర్లించి, పెళ్ళిళ్ళకీ ప్రార్థన సభలకీ ఇస్తూ పిల్లని పెంచింది. ఆమెకి చట్టాలు తెలీవు గానీ ఊరు తెలుసు. మా ఊళ్ళో ఇలాంటి వ్యవహారాలు కోర్టులో తేలవు. కోర్టుకి కావలసినవాళ్ళ ఇంట్లో తేలతాయి. అందుకని ఆమె వకీలు కోసం వెతకలేదు. ఒక పళ్ళెం నిండా కొత్తాబ్‌లు పేర్చుకుని, చాదర్ కప్పుకుని హాజీ ఆగా మీర్జలీలీ ఇంటికి వెళ్ళింది.

హాజీ ఆగా పెద్దాయన. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే ఇవాళ కోర్టులో కుర్చీల్లో ఉన్నారు. ఆయన భార్య ఇంట్లో సభ జరిగితే మిఠాయి మనీజేదే. ఆ చనువుకొద్దీ ఆయన చాలా మర్యాదగా మాట్లాడాడు. పిల్ల చేసింది కుర్రచేష్ట అన్నాడు. పెద్ద నేరమేం కాదన్నాడు. తను ఒక మాట వేస్తే తేలిపోతుందన్నాడు. అయితే ఇప్పుడు కాదట.

"సఫర్ నెల వెళ్ళనీ చెల్లెమ్మా. సంతాపం రోజులు. ఇప్పుడు అడగడం బాగుండదు. అంతవరకూ చప్పుడు మాత్రం కాకూడదు."

పట్టుకుపోవడానికి అడ్డురాని సంతాపం వదిలిపెట్టడానికి అడ్డొచ్చిందా అని మనీజే నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. మింగడం ఆమెకి అలవాటే. పైగా హాజీ ఆగా మాట ఇచ్చాడంటే ఇచ్చినట్టే. సఫర్ వెళ్ళగానే పిల్ల ఇంటికొస్తుందని గుండె మీద చెయ్యేసుకుని తిరిగొచ్చింది.

సరిగ్గా ఆ సాయంత్రమే లండన్ నించి ఫోనొచ్చింది.

అతూసా అనే అమ్మాయి. అక్కడ మన ఫార్సీ భాషలో వచ్చే చానల్లో పనిచేస్తుందట. అమ్మానాన్నా ఇక్కడివాళ్ళే గానీ, చంటిపిల్లగా ఉన్నప్పుడే తీసుకెళ్ళిపోయారు. మాటలన్నీ వచ్చు. మాటల వెనకాల ఉండేది మాత్రం ఏమీ రాదు. గుల్‌నూష్ సైకిలు మీద ఉన్న ఫొటో ఎవరో స్నేహితురాలి ఫోనులోంచి వాళ్ళకి చేరింది.

"ఖాలా జాన్, మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాను. ఆ ఫొటో, పేరు, వార్తల్లో వేస్తాం. మీరు ఒప్పుకుంటేనే వేస్తాం. మీరేమంటే అదే," అంది అతూసా, పిన్నీ అని వరస కలుపుతూ.

మనీజే ఏమంది? మా ఊళ్ళో పుట్టి పెరిగిన ఆడది ఏమంటుందో అదే అంది. "ఇఖ్తియార్ దారీద్," అంది. అధికారం మీదేనండీ, అని.

ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాటకి అర్థం అధికారం మీదని కానే కాదు. ఎవరైనా క్షమించమంటే అదే అంటాం, మెచ్చుకుంటే అదే అంటాం, మా ఇంటికొచ్చి ఇక వెళ్ళొస్తామంటే అదే అంటాం. అయ్యో, అంత మాటెందుకండీ అని అర్థం. అది జవాబు కాదు, జవాబుకి ముందు వేసే చాప. ఎదుటివాళ్ళు రెండోసారి అడగాలి. అప్పుడు కాస్త నసగాలి. మూడోసారి అడగాలి. అప్పుడు అసలు మాట బయటికొస్తుంది. మూడోసారి అడిగితే "ఇప్పుడొద్దు తల్లీ, సఫర్ వెళ్ళనీ" అందామని మనీజే నోట్లో సిద్ధంగా పెట్టుకుంది.

అతూసా ఒక్కసారే అడిగింది. చాలా థాంక్స్ ఖాలా జాన్ అని ఫోను పెట్టేసింది.

మర్నాటి వార్తల్లో గుల్‌నూష్ మొహం గోడంత ఉంది. పక్కింట్లో డిష్ ఉంది, అందరిళ్ళలోనూ ఉంది, ఎవరింట్లోనూ లేదని అందరూ అంటారు. పక్కింటావిడ గోడ మీంచి పిలిచి చూపించింది. మనీజేకి కోపమొచ్చింది. ఒక పెద్ద మనిషి టై కట్టుకుని కూర్చుని ఈ మతం ఉన్నన్నాళ్ళూ ఆడవాళ్ళకి సైకిలు లేదన్నాడు. ఐదు పూటలా నమాజు చేసే నా కూతురు నీకెప్పుడు చెప్పిందిరా నాయనా మతం వద్దని, సైకిలు కావాలంది గానీ, అని మనీజే టీవీతో పోట్లాడింది. ఇంకో దేశంలో ఒక మంత్రిగారు గుల్‌నూష్ బొమ్మ సైకిలు ముందు కట్టుకుని ఆఫీసుకి తొక్కుకుంటూ వెళ్ళింది. ఫొటోలు తీయించుకుని, దిగి, లోపలికి పోయింది. ఆవిడ సైకిలు ఆవిడ దగ్గరే ఉంది.

ఆ శుక్రవారం మసీదులో ఉపన్యాసం అంతా సైకిళ్ళ మీదే. చక్రం తిప్పేది ఇక్కడి కాళ్ళే అయినా హ్యాండిల్ పట్టుకున్న చేతులు విదేశాల్లో ఉన్నాయన్నారు. నిన్నటిదాకా కుర్రచేష్ట అయినది ఇవాళ కుట్ర అయి కూర్చుంది. మనీజే పరిగెత్తుకుంటూ హాజీ ఆగా ఇంటికి వెళితే ఈసారి పళ్ళెం కూడా అందుకోలేదు.

"చప్పుడు వద్దన్నానా చెల్లెమ్మా? నిన్నటివరకూ అది ఒక పిల్ల, ఒక సైకిలు. ఇవాళ ప్రభుత్వం పరువు. వాళ్ళు అరుస్తుంటే మేం వదిలితే, భయపడి వదిలామంటారు. ఇప్పుడు నేను నోరు విప్పితే నా నోరే పోతుంది."

ఆ మాటలో అబద్ధం లేదు. అదే మనీజేకి మరీ మంట. బయటివాళ్ళు అరిస్తే ఇక్కడివాళ్ళు మెడ బిగిస్తారు. బయటివాళ్ళు అరవకపోతే ఇక్కడివాళ్ళు సఫర్ వెళ్ళనీ అంటారు. సఫర్ వెళితే రంజాను రానీ అంటారు. వాళ్ళకి అరవడం సరదా, వీళ్ళకి బిగించడం సరదా. నడుమ నలిగేది ఆ పిల్ల. ఇంటికొచ్చి ఆమె బాదంపప్పు రుబ్బుతూ అతూసానీ, మంత్రినీ, టై కట్టుకున్న పెద్ద మనిషినీ, హాజీ ఆగానీ, రొట్టెలకి బయల్దేరిన పుణ్యాత్ముణ్ణీ వరసగా తిట్టింది. అందరికంటే ఎక్కువ తన నాలుకనే తిట్టుకుంది. వద్దు అనే రెండక్షరాల మాట నోటికి ఎందుకు రాలేదు? తల్లి నేర్పలేదు గనక. తల్లికి ఆవిడ తల్లి నేర్పలేదు.

తరవాత ఆమెకే పిలుపొచ్చింది. విచారణాధికారి గదికి రమ్మన్నారు. తోడుగా రమ్మని హాజీ ఆగా కాళ్ళావేళ్ళా పడింది. ఆయన ఏ కళనున్నాడో గానీ వచ్చాడు, ఓ మూల కుర్చీలో తస్బీ పూసలు తిప్పుకుంటూ కూర్చున్నాడు.

విచారణాధికారి కుర్రాడు, పెద్దగా గడ్డం కూడా రాలేదు. మనీజే లోపలికి వస్తూనే మర్యాద ప్రకారం, మీ విలువైన సమయం పాడుచేస్తున్నాను బాబూ, క్షమించాలి అంది. ఆ కుర్రాడు తలెత్తకుండానే, "ఇఖ్తియార్ దారీద్, ఖానుమ్, కూర్చోండి," అన్నాడు. తరవాత ఒక మీట నొక్కాడు. గదిలో అతూసా గొంతు వినిపించింది. తరవాత మనీజే గొంతు. తన గొంతు అంత మెత్తగా ఉంటుందని ఆమెకి అంతవరకూ తెలీదు.

"విన్నారుగా," అన్నాడు అధికారి. "శత్రువుల చానల్‌కి మీ నోటితో మీరే అధికారం ఇచ్చారు. అధికారం మీదే అన్నారు."

మనీజే అతని మొహంలోకి చూసింది. లండన్ పిల్ల మాట వెనకాల ఉండేది తెలియక తప్పు చేసింది. ఇతనికేం రోగం?

"మీది ఏ ఊరు బాబూ?" అని అడిగింది.

"ఈ ఊరే. ఫహదాన్ వీధి."

"మీ అమ్మగారు బతికున్నారా?"

"ఉన్నారు."

"అయితే ఆ మాటకి అర్థం మీకు తెలుసు."

అతను టేబుల్ మీద పెన్ను అటు తిప్పి ఇటు పెట్టాడు. కోర్టు మాటనే చూస్తుంది గానీ మర్యాదల్ని చూడదన్నాడు. తరవాత గొంతు తగ్గించి, దీనికో దారి ఉందన్నాడు. కెమెరా ముందు కూర్చుని, ఆ చానల్‌కి మా కుటుంబం అనుమతి ఇవ్వనేలేదు, నా కూతుర్ని విదేశీయులు రెచ్చగొట్టారు అని చెబితే చాలట.

మనీజేకి తల తిరిగింది. "ఇప్పుడేగా ఇచ్చానన్నారు? మళ్ళీ ఇవ్వలేదని చెప్పమంటున్నారా? ఏదో ఒకటి తేల్చుకోండి బాబూ. ఇవ్వలేదన్నదే నిజం, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. రెచ్చగొట్టారంటే మాత్రం చెప్పను. దానికి సైకిలు నేర్పింది మా నాన్న. ఆయన ఈ ఊరు దాటి ఎరగడు."

చెప్పకపోతే పిల్ల ఇంటికి రావడం కష్టమన్నాడు అధికారి. మనీజే లేచి నిలబడింది. చాదర్ అంచు పళ్ళతో పట్టుకునే అలవాటామెకి. ఆ అంచు వదిలేసింది.

"సరే. కోర్టు మాటనే చూస్తుందంటే మాటనే చూద్దాం. నేను లోపలికి రాగానే మీరు నాతో ఏమన్నారు? అధికారం మీదేనండీ అన్నారు. హాజీ ఆగా సాక్షి. ఆ అధికారంతో నా కూతుర్ని ఇంటికి తీసుకెళతాను. ఏ గదిలో ఉందో చెప్పండి."

మూలనుంచి ఒక వింత చప్పుడొచ్చింది. హాజీ ఆగా నవ్వాపుకోవడానికి దగ్గుతున్నాడు. ఆ దగ్గు ఎంతకీ తెగలేదు. నీళ్ళు తెప్పించాల్సొచ్చింది.

ఆ రోజు ఏమీ తేలలేదు. కోర్టులు అలాంటి వాటికి కరిగిపోతే మా ఊరు ఏనాడో బాగుపడేది. కానీ సఫర్ వెళ్ళకుండానే గుల్‌నూష్‌ని హాజీ ఆగా పూచీ మీద వదిలారు. కేసు అలాగే ఉంది, సైకిలు వాళ్ళ దగ్గరే ఉంది. గేటు దగ్గర మనీజే ఆయన అబా అంచు కళ్ళకద్దుకోబోతే ఆయన వెనక్కి జరిగాడు.

"నేనూ ఒక మాట వేశాను చెల్లెమ్మా. పైనుంచీ ఒక మాట వచ్చింది, ఎక్కడో ఎవరికో ఇబ్బందిగా ఉందట. ఏ మాట పనిచేసిందో నన్నడక్కు, నాకు తెలీదు," అన్నాడు. అని, అటూ ఇటూ చూసి, "ఆ అరుపులే లేకపోతే సఫర్ వెళ్ళాక నాకు గుర్తుండేదో లేదో కూడా తెలీదు," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికి రాగానే గుల్‌నూష్ స్నానం చేసి వంటింట్లో గచ్చు మీద కూర్చుని చిక్కటి ఆష్ సూపు గిన్నె ఖాళీ చేసింది. చెంప మీద ఒకచోట పసుపుపచ్చగా మానుతున్న కమిలింపు ఉంది. మనీజే దాన్ని చూసీ చూడనట్టుంది. చూస్తే ఏడుస్తుంది, ఏడిస్తే ఆ పిల్ల తినడం మానేస్తుంది. అందుకని కొత్తాబ్‌లు వేయిస్తూ ఏడుపు బదులు తిట్లు ఎత్తుకుంది. ఆ లండన్ పిల్ల ఒక్క ముక్క అర్థం చేసుకుని ఉంటే ఈపాటికి ఎప్పుడో ఇంట్లో ఉండేదానివి. ఊళ్ళో పని ఊళ్ళో నెమ్మదిగా అయ్యేది. ఎవరడిగారు వాళ్ళని? మన గోల మనది. వాళ్ళకి మనం వార్త, వార్త అయిపోతే మర్చిపోతారు.

గుల్‌నూష్ రొట్టె ముక్కతో గిన్నె తుడిచింది.

"మామాన్, టీవీలో నా ఫొటో ఎప్పుడొచ్చిందో నాకు లోపల తెలిసింది."

"ఎలా తెలిసింది? అక్కడ టీవీ ఉందా?"

"లేదు. అంతకుముందు 'ఏయ్' అనేవాళ్ళు. ఆ రోజు వార్డరు వచ్చి మర్యాదగా 'ఖానుమ్' అంది. దుప్పటి ఇచ్చింది. ఈ చెంపకేమైందని అడిగి మందు రాసింది. తరవాత ఎవరూ చెయ్యి ఎత్తలేదు."

మనీజే చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మూకుట్లో కొత్తాబ్‌లు నల్లబడుతున్నాయి, తీయలేదు. పిల్ల చెంప మీద ఆ దెబ్బ తను హాజీ ఆగా ఇంట్లో నెమ్మదిగా టీ తాగిన రోజుది. ఫొటో రాకముందు చప్పుడు కాకూడదని తను నోరు మూసుకున్న రోజులన్నీ లోపల పిల్లని కొట్టిన రోజులు.

"నా పక్కనే ఇంకో అమ్మాయి ఉంది," అంది గుల్‌నూష్. "తఫ్త్ వైపు పిల్ల, జర్రీన్ అని. పెళ్ళికొడుకు వద్దని ఇంట్లోంచి వచ్చేసింది. దాని ఫొటో ఎవరి దగ్గరా లేదు. హాజీ ఆగాలు కూడా ఎవరూ లేరు. నాకు దుప్పటి ఇచ్చిన రోజు దానికివ్వలేదు. ఇద్దరం ఒకటే కప్పుకున్నాం. ఇవాళ నేనొచ్చేస్తుంటే ఆ దుప్పటి కూడా లాక్కున్నారు. నా పేరు మీద ఇచ్చిందట."

మనీజే పొయ్యి ఆపింది. మాడిన కొత్తాబ్‌లన్నీ తీసి పక్కన పారేసింది. పాడుబుద్ధి లోకం, ఇటు చూసినా ఇంతే, అటు చూసినా ఇంతే అంది. కాసేపటికి ఫోను మోగింది. అదే నంబరు. వినేవాళ్ళు ఈసారీ వింటారు, విననీ అనుకుని తీసింది.

అతూసా గొంతు సంతోషంతో పొంగిపోతోంది. మన పోరాటం గెలిచింది ఖాలా జాన్, గుల్‌నూష్‌తో రెండు మాటలు మాట్లాడించండి, మీరు ఒప్పుకుంటేనే అంది. మనీజే నోట్లోకి పాత మాట దానంతటదే వచ్చి కూర్చుంది. తరతరాలుగా అక్కడే కూర్చునే మాట. ఆమె దాన్ని బయటికి రానివ్వలేదు.

"ఇవాళ మాట్లాడదు. పడుకోవాలి," అంది. ప్రేమగా అడిగినవాళ్ళకి ఇంత నేరుగా ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చెప్పలేదు. తన మాటకి తనే ఉలిక్కిపడి, గోడకి ఆనుకుంది. "నువ్వు ఇది విను తల్లీ. తఫ్త్ వైపు జర్రీన్ అనే పిల్ల ఉంది, లోపల. వాళ్ళమ్మ ఎక్కడుందో నేను కనుక్కుంటాను. ఆవిడతో నువ్వు మాట్లాడు. ఫొటో వెయ్యనా అని ఒక్కసారి అడిగి పెట్టెయ్యకు. మూడుసార్లు అడుగు. మొదటిసారి ఆవిడ ఏమన్నా అది జవాబు కాదు. రెండోసారి అన్నదీ కాదు. మూడోసారి ఏమంటే అది చెయ్యి. వద్దంటే నోరు మూసుకో. వెయ్యమంటే గోడంత వెయ్యి. మతం గురించి మాట్లాడే ఆ టై ఆయన్ని మాత్రం ఆ రోజుకి ఇంటికి పంపించెయ్యి. దుప్పటి గురించి చెప్పు. ఆ పిల్లకి దుప్పటి లేదని చెప్పు."

అవతల ఏదో పక్కకి జరిపిన చప్పుడు, రాసుకుంటున్న చప్పుడు.

"అంటే ఖాలా జాన్, ఆ రోజు మీరు నాతో అన్నది..." అంది అతూసా చివరికి. గొంతులో పొంగు పోయింది. "నాకు తెలియలేదు. మిమ్మల్ని చాలా కష్టపెట్టాను. క్షమించండి."

గుల్‌నూష్ తల్లి మొహం వంకే చూస్తోంది. ఆ క్షమించండికి యజ్ద్‌లో ఒక్కటే జవాబు, అది ఆ పిల్లకీ తెలుసు.

"కష్టపెట్టావు," అంది మనీజే. "బాగానే పెట్టావు. రేపు పొద్దున్న మళ్ళీ ఫోన్ చెయ్యి."